‘పైలటు తప్పిదం’ ఎవరికి పనికివచ్చే మాట?

ప్రొద్దుటూరులో ఆ మధ్య జరిగిన ఒక సాహిత్యగోష్ఠిలో ఒక యువకవి అహమ్మదాబాదు విమాన ప్రమాదం మీద కవిత చదివాడు. 2025 జూన్ 12న, నేల విడిచిన కొద్ది క్షణాలకే కూలి, లోపలున్న 242 మందిలో 241 మందినీ, నేలమీద మరి 19 మందినీ బలిగొన్న విమానం అది. కవి కన్నీళ్లు పెట్టుకున్నాడు, అందులో తప్పులేదు. అయితే ఆ కవితలో దోషులు ఇద్దరే: ఒకటి విధి, రెండు పైలటు. విధిని దూషించడానికి కవికి మన ప్రాచీన సంప్రదాయం తోడ్పడింది. పైలటును దూషించడానికి టెలివిజన్ తోడ్పడింది. నేను లేచి, ఈ రెండూ ఒకే మాటకు రెండు పేర్లనీ, అభ్యుదయ కవి అనిపించుకోదలచినవాడు రెంటినీ వదులుకోవాలనీ అన్నాను. విమానం ఎన్ని విధాల చెడిపోవచ్చునో ముందుగా ఆలోచించడమే వృత్తిగా బతికేవారు కొందరున్నారనీ, కవి వాళ్లలో ఒకరితోనైనా మాట్లాడి ఉండవలసిందనీ కూడా అన్నాను.

సభలో ఒక పెద్దాయన నవ్వారు. ఆయన కార్మికోద్యమంలో ఏళ్ల తరబడి పనిచేసినవారు. ఆయనమీద నాకు గౌరవం ఉంది. ఆయన ఆనాడు చెప్పిన మాటమీద మాత్రం లేదు. “నెలకు లక్షలు తీసుకొని, చల్లటి గదిలో కంప్యూటరు ముందు కూర్చునేవాడు మనకు కథావస్తువు ఎట్లా అవుతాడయ్యా? వాడు కంపెనీ మనిషి. అదీగాక మన ప్రొద్దుటూరు నేతగాడూ, జమ్మలమడుగు కూలీ విమానం ఎక్కుతారా? ఎక్కనివాళ్లకు దిగేవాళ్ల బాధ ఎందుకు?” అన్నారు. చప్పట్లు కూడా మోగాయి. ఆ చప్పట్లకు సమాధానంగా ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు ఆ ఉద్యోగమేమిటో చూద్దాం. జమ్మలమడుగు దగ్గరి పల్లెనుంచి వచ్చి నాదగ్గర ఇంటర్మీడియట్‌లో తెలుగు చదువుకొని, పులివెందుల ఇంజనీరింగు కాలేజీలో పట్టా పుచ్చుకొని, ఇప్పుడు బెంగుళూరులో ‘సీనియర్ సిస్టమ్ సేఫ్టీ ఇంజనీరు’గా ఉన్న ఒక రైతు కొడుకు నాకు తెలుసు. ఉద్యోగం పేరు పొడుగేగాని, పని ఒక ప్రశ్నలో ఇముడుతుంది: ఇందులో ఏది చెడితే ఏమవుతుంది? అతడు యంత్రాన్ని తయారుచెయ్యడు, నడపడు, బాగుచెయ్యడు. అది చెడిపోయే దారులన్నీ వెదికి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క అడ్డుకట్ట ఉన్నదా లేదా అని కాగితంమీద నిరూపించమంటాడు. “నా పని బాగా జరిగితే ఏమీ జరగదు సార్. ఏమీ జరక్కపోతే, ఇంక నువ్వెందుకని అడుగుతారు” అని నవ్వుతూ చెప్పాడొకసారి.

ఆ శాస్త్రం నాకు అర్థం కావడానికి అతడు విమానం బొమ్మ గీయలేదు. వాళ్ల నాన్న బోరు మోటారు సంగతి చెప్పాడు. అతడి చిన్నతనంలో ఆ మోటారు రెండుమూడుసార్లు కాలిపోయింది. త్రీఫేజు మోటారుకు ఒక ఫేజు తప్పి కరెంటు వస్తే మోటారు కాలుతుంది. కాలకుండా స్టార్టరులో రిలే ఉంటుంది. దానికి తోడు ప్రివెంటరు అనే మరొక సాధనం పెట్టుకోవచ్చు. అంటే మోటారు కాలాలంటే ఫేజు పోవాలి, రిలే పనిచెయ్యకూడదు, ప్రివెంటరూ పనిచెయ్యకూడదు. మూడూ ఒకేసారి కలిసిరావడం అరుదు. ఇట్లా ‘ఇదీ, ఇదీ, ఇదీ కలిస్తే’ అనే కొమ్మలనూ, ‘ఇదైనా, అదైనా చాలు’ అనే కొమ్మలనూ గీసుకుంటూ పోతే తలకిందుల చెట్టొకటి తయారవుతుంది. దాన్నే వాళ్లు ఫాల్ట్ ట్రీ అంటారు. చెట్టు గీసినంతమాత్రాన సరిపోదు. రిలే, ప్రివెంటరు రెండూ ఒకే తుప్పుపట్టిన తీగమీద ఆధారపడి ఉంటే రెండు కాపలాలన్నది వట్టి మాట. ఆ తీగ తెగిన రోజున ఇద్దరు కాపలావాళ్లూ ఒకేసారి నిద్రపోతారు. అట్లాంటి తీగలను పట్టుకోవడమే ఆ పనిలో అసలు కష్టం.

మోటారు కాలినప్పుడు లైన్‌మన్ వచ్చి చూసి, “ప్రివెంటరు పీకేసి డైరెక్టు పెట్టుకుంటివి గదప్పా, తప్పు నీదే” అన్నాడట. అది అబద్ధం కాదు. రైతు నిజంగానే ప్రివెంటరు తీసేశాడు. కాని ఎందుకు తీశాడు? కరెంటు ఎప్పుడో రాత్రిపూట రెండు మూడు గంటలు వచ్చేది. వచ్చినప్పుడు ఓల్టేజీ ఉండేది కాదు. ప్రివెంటరు మాటిమాటికీ మోటారును ఆపేసేది. చేలో పైరు ఎండుతుండేది. ఆ పరిస్థితిలో ఏ రైతైనా చేసే పనే అతడూ చేశాడు. లైన్‌మన్ ఆఖరి చెయ్యిని చూశాడు. ఆ చేతిని అక్కడికి తెచ్చినవాటిని చూడలేదు. చూడడం అతడి ఉద్యోగమూ కాదు. ఈ తేడాను అందరికంటే ముందు పట్టుకోవలసినవాళ్లం, వ్యక్తి నేరం వెనక వ్యవస్థను చూడాలని ఎనభై ఏళ్లుగా చెబుతున్నవాళ్లం, మనం. విమానం దగ్గరికి వచ్చేసరికి మనకూ లైన్‌మన్ చూపే మిగిలింది.

ఈ శాస్త్రానికి లెక్కలున్నాయి. ఒక లోపం వల్ల విమానం కూలి అందరూ చనిపోయే అవకాశం ఉంటే, అది వంద కోట్ల గంటల ప్రయాణానికి ఒకసారికంటె ఎక్కువ జరగరాదు. వంద కోట్ల గంటలంటే లక్షా పద్నాలుగువేల సంవత్సరాలు. దానికి ఒక మెట్టు తక్కువ ప్రమాదమైతే కోటి గంటలకు ఒకసారి. ఇంకొక మెట్టు తగ్గితే, వాళ్ల భాషలో ‘మేజర్’ అయితే, లక్ష గంటలకు ఒకసారి. పాఠకులు ఇక్కడొకటి గమనించాలి. సంఖ్యలు ప్రకృతి నుంచి వచ్చినట్లు కనిపిస్తాయిగాని, ఏ లోపం ఏ మెట్టుకు చెందుతుందో నిర్ణయించేది మనుషులు. ఒక గడిలో రాసిన ఒక్క మాట మారితే నెలల తరబడి చెయ్యవలసిన పరీక్ష తప్పిపోతుంది. ఈ శాస్త్రంలో వర్గపోరాటం జరిగే స్థలం ఆ గడే.

ఈ పద్ధతి పుట్టుక కూడా పుణ్యక్షేత్రంలో కాదు. ఫాల్ట్ ట్రీని 1960ల తొలినాళ్లలో అమెరికాలో బెల్ ప్రయోగశాలలో తయారుచేసింది మినిట్‌మన్ అణుక్షిపణి పొరపాటున పేలకుండా, పొరపాటున ఎగరకుండా చూసుకోవడానికి. లక్షలమందిని చంపడానికి చేసిన యంత్రం యజమానిని మాత్రం చంపకూడదన్నమాట! నా పెద్దమిత్రుడు ఈ మాట విని ‘చూశావా’ అనవచ్చు. కాని పుట్టుక చూసి జ్ఞానాన్ని వెలివేసేట్లయితే మనం అచ్చుయంత్రాన్నీ, రైలునూ కూడా వెలివేయవలసి ఉంటుంది. పెట్టుబడి తన అవసరంకోసం కనిపెట్టినదాన్ని జనం తమ అవసరానికి స్వాధీనం చేసుకోవాలన్నది మనం క్లాసుల్లో చెప్పే పాఠమే గదా.

ఇక ‘పైలటు తప్పిదం’ అనే మాట చరిత్ర. 1953 మే 2న కలకత్తానుంచి బయలుదేరిన కామెట్ జెట్ విమానం కొద్ది నిమిషాల్లో తుఫాను మేఘంలో ముక్కలై 43 మంది చనిపోయారు. విచారణ తేల్చిందేమిటి? గాలివాన దెబ్బ అయినా కావాలి, పైలటు మోటుగా నడపడమైనా కావాలి అని. ప్రకృతి, పైలటు! మన యువకవి కవితలో ఉన్న ఇద్దరే. 1954 జనవరిలో ఎల్బా దగ్గర ఒక కామెట్, ఏప్రిల్‌లో నేపుల్స్ దగ్గర మరొకటి సముద్రంలో పడ్డాక, ఒక విమానాన్ని నీటితొట్టిలో పెట్టి మళ్లీ మళ్లీ ఒత్తిడి పెట్టి చూస్తే, లోహమే అలసిపోయి చీలుతున్నదని బయటపడింది. ఆ లోపం నేలమీది తొట్టిలో దొరికేదాకా, తమ మాట చెప్పుకోవడానికి బతికిలేని మనుషులమీద అనుమానం వేలాడుతూనే ఉంది.

ఇది పాతకథ అనుకునేవారికి 737 మాక్స్ కథ ఉంది. దీనిమీద అమెరికా ప్రతినిధుల సభ సంఘం 2020 సెప్టెంబరులో విడుదల చేసిన నివేదిక మన విద్యార్థి సంఘాలు చదివించదగ్గ రాజకీయార్థశాస్త్ర గ్రంథం. పాత విమానానికి పెద్ద ఇంజన్లు తగిలించారు. దానివల్ల విమానం కొన్ని సందర్భాల్లో ముక్కెత్తే స్వభావం సంతరించుకుంటే, ముక్కును దానంతటదే కిందికి దించే ఎమ్‌క్యాస్ అనే ఏర్పాటును పెట్టారు. విమానానికి కోణం కొలిచే సాధనాలు రెండున్నా ఆ ఏర్పాటు ఒకసారికి ఒక్కదాని మాటే వింటుంది. మన మోటారు భాషలో చెప్పాలంటే, ఒకే తీగ. మొదట తోక రెక్కను ఒక డిగ్రీలో ఆరు పదో వంతులు కదిపేట్లు చేసినదాన్ని తర్వాత రెండున్నర డిగ్రీలకు పెంచారు. ఆ ఏర్పాటు పొరపాటున పనిచేస్తే ఏమవుతుందన్న గడిలో, మామూలు ప్రయాణానికి సంబంధించినంతవరకు, ‘మేజర్’ అని ఉంది. పైలటు కొద్ది సెకన్లలో గుర్తించి సరిదిద్దుతాడనే ఊహమీద ఆ మాట నిలబడింది. అదే సమయంలో గంటలూ దీపాలూ హెచ్చరికలూ ఒక్కసారిగా మీదపడితే ఆ పైలటు స్థితి ఏమిటన్నది లెక్కలోకి రాలేదు. ఆ ఏర్పాటు ఉన్నదన్న సంగతే పైలట్ల పుస్తకంలో లేదు!

ఎందుకు లేదు? కొత్త శిక్షణ అవసరంలేని విమానమని చెప్పి అమ్మారు గనుక. సిమ్యులేటరు శిక్షణ అవసరమయితే విమానానికి పది లక్షల డాలర్ల చొప్పున తగ్గిస్తామని ఒక పెద్ద కొనుగోలుదారుకు మాట ఇచ్చి ఉన్నారు గనుక. 2018 అక్టోబరు 29న జకార్తా దగ్గర 189 మంది, 2019 మార్చి 10న అడిస్ అబాబా దగ్గర 157 మంది చనిపోయారు. మొదటి విమానం పడగానే వినిపించిన గుసగుస ఏమిటో జ్ఞాపకం తెచ్చుకోండి: ఇండోనేషియా పైలట్లట, వాళ్ల శిక్షణ అంతంతమాత్రమట. రెండోది కూడా పడిన తర్వాత, 2019 మేలో, ఒక అమెరికా కాంగ్రెసు సభ్యుడు సభలోనే, తమ దేశంలో శిక్షణ పొందిన పైలట్లయితే ఆ విమానాలను కాపాడుకునేవారన్నాడు. ‘పైలటు తప్పిదం’ అనే మాటకు చర్మం రంగు కూడా ఉంటుందన్నమాట.

ఈ కథలో సేఫ్టీ ఇంజనీరు ఎక్కడున్నాడు? నా మిత్రుడి వాదం తేలిపోయేది ఇక్కడే. అమెరికాలో విమానాన్ని తనిఖీ చెయ్యవలసిన ప్రభుత్వశాఖ, ఆ తనిఖీలో పెద్ద భాగాన్ని కంపెనీ ఉద్యోగులకే అప్పజెప్పింది. జీతం కంపెనీది, సంతకం ప్రభుత్వం తరఫున. అటువంటి అధికారం పొందిన బోయింగు ఉద్యోగులను 2016లో ప్రశ్నిస్తే, జవాబిచ్చినవారిలో నూటికి 39 మంది తమమీద అనుచితమైన ఒత్తిడి ఉందన్నారు. ఇది కంపెనీ మనుషులు చెప్పే మాటేనా? మిత్రుడికి ఇంకొక సంగతి గుర్తుచేస్తాను. 2000 సంవత్సరంలో సియాటిల్‌లో అదే కంపెనీ ఇంజనీర్లు, టెక్నీషియన్లు వేలసంఖ్యలో 40 రోజులు సమ్మె చేశారు. చల్లటి గదుల్లో కూర్చునేవాళ్లే ఫిబ్రవరి చలిలో వీధిలో నిలబడ్డారు. లక్షల జీతం తీసుకునేవాడు పనిముట్టుకు యజమాని కాడు. అతడు అమ్ముకునేది కండరం కాదు, ‘ఇది క్షేమం’ అనే తన తీర్పు. తీర్పును అమ్ముకోవలసి వచ్చినవాడి సంకటం మన కథల్లోకి రాకపోతే ఆ లోటు మన కథలది.

నా విద్యార్థికీ ఒక గడి ఎదురయింది. వాళ్లది పెద్ద కంపెనీకి భాగాలు రూపొందించి ఇచ్చే చిన్న కంపెనీ. పేరు ఇక్కడ అనవసరం. అతడు ఒక లోపాన్ని ‘హజార్డస్’ అని రాశాడు. ‘మేజర్’ అని మార్చమన్నారు. అట్లా మారిస్తే నాలుగు నెలల పని తగ్గుతుంది, గడువులోగా ఇచ్చెయ్యవచ్చు. ఎవరూ అతణ్ణి బెదిరించలేదు. “ఇంకోసారి ఆలోచించు, అంత ఘోరంగా ఎందుకు ఊహించుకుంటావు” అని మంచిగానే చెప్పారట. విషయం విమానం కూలిపోయేటంత పెద్దది కాదనీ, బహుశా వాళ్లు చెప్పిందే నిజమేమోననీ నాతో అన్నాడు. గడువు మాత్రం అడిగాడు.

పులివెందుల సంగతి మాట్లాడకుండా ఈ జిల్లాలో ఈ విషయం ముగించలేం. 2009 సెప్టెంబరు 2న ఉదయం 8 గంటల 38 నిమిషాలకు బేగంపేటలో బయలుదేరిన బెల్ 430 హెలికాప్టరు నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలి, ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి, మరి నలుగురు మరణించారు. ఆయన రాజకీయాలతో నాకున్న విభేదాలు ఇక్కడ అప్రస్తుతం. తర్వాత సంవత్సరమంతా ఈ జిల్లాలో స్మృతికవితలు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. వాటిలో నాకు దొరికినవన్నీ చదివాను. అడవి హంతకి అయింది, మేఘం ద్రోహి అయింది, మృత్యువు కన్నుకుట్టింది. కవిత్వం అక్కడ ఆగితే, వదంతి అక్కణ్ణుంచి బయలుదేరింది: 2010 జనవరిలో ఎక్కడో వచ్చిన రాతను టెలివిజన్ వినిపించగా, కుట్ర అంటూ రాష్ట్రమంతటా దుకాణాలు పగలగొట్టారు.

విచారణ సంఘం చెప్పింది వేరు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ పీడనానికి సంబంధించిన ఒక సమస్యను తేల్చుకోవడంలో పైలట్లిద్దరూ మునిగిపోయారు; వాతావరణాన్నీ, తక్కిన మీటర్లనూ కనిపెట్టుకోలేకపోయారు; నేరుగా పోయే దారి మార్చలేదు; కిందికి తోసే బలమైన గాలిలో చిక్కి హెలికాప్టరు అదుపు తప్పింది. దీన్ని చదివినవారు ‘ఓహో, పైలట్ల పొరపాటే’ అని పుస్తకం మూసేశారు. నా విద్యార్థిలాంటివాడు అక్కడ పుస్తకం తెరుస్తాడు. ఒక హెచ్చరిక ఇద్దరు అనుభవజ్ఞుల మనసులను అంతసేపు ఎందుకు పట్టి ఉంచింది? దానికి జవాబు చేతిలోని పుస్తకంలో తక్షణం ఎందుకు దొరకలేదు? ఒకరు దీపం సంగతి చూస్తే మరొకరు ఆకాశం చూడాలన్న నియమం ఎంత గట్టిగా అలవాటు చేశారు? చిత్తూరు జిల్లాలో రచ్చబండ ఆ రోజే మొదలవుతుందని ప్రకటించి ఉండగా, ‘ఈ పూట వద్దు’ అనే అధికారం ఎవరికుంది, ఉన్నా అది ఎవరి నోట వస్తుంది? 2002 మార్చి 3న కైకలూరు దగ్గర లోకసభ స్పీకరు బాలయోగి హెలికాప్టరు కూలి మరణించినప్పుడే ఈ ప్రశ్నలు అడిగి ఉండవలసింది. ఇడుపులపాయలో ఏటా సమాధిమీద పూలు పడుతున్నాయి. అక్కడికి కొద్దిదూరంలో ట్రిపుల్ ఐటీలో వేలమంది పేద రైతుల, కూలీల పిల్లలు ఇంజనీరింగు చదువుతున్నారు. ఆ నివేదికను పాఠంగా చెప్పడానికి దేశంలో అంతకంటె తగిన చోటు మరొకటి లేదు.

ఈ జబ్బు పెట్టుబడికి మాత్రమే ఉన్నదని చెప్పి తప్పుకుంటే నాకు సిగ్గుచేటు. 1986 జనవరిలో అమెరికాలో చలికి రబ్బరు వలయాలు పనిచెయ్యవని ఇంజనీర్లు రాత్రంతా మొత్తుకున్నా మేనేజర్లు చాలెంజరును ఎగరేసి ఏడుగురిని చంపారు. మూడు నెలలకు చెర్నోబిల్ పేలింది. సోవియట్ ప్రభుత్వం కేంద్రంలో పనిచేసిన అధికారులనూ ఇంజనీర్లనూ 1987లో జైలుకు పంపింది; రియాక్టరు నియంత్రణ కడ్డీల రూపకల్పనలోనే లోపముందన్న సంగతికి అంతర్జాతీయ నివేదికలో తగిన చోటు దొరికింది 1992లో. ఆఖరి చేతిమీద నేరం మోపడం అధికారానికి ఉన్న అలవాటు. జెండా రంగునుబట్టి అది మారదు. మన పత్రికలు ఆనాడు చాలెంజరు గురించి రాసినంత ధాటిగా చెర్నోబిల్ గురించి రాయలేదు. ఈ మాట మనమే ఒప్పుకోవడం మంచిది.

మళ్లీ అహమ్మదాబాదుకు వద్దాం. ప్రాథమిక నివేదిక ప్రకారం, నేల విడిచాక ఇంధనం స్విచ్చులు రెండూ ఒక సెకను తేడాలో ‘కటాఫ్’కు మారాయి. ఎందుకు ఆపావని ఒక పైలటు అడగడం, నేను ఆపలేదని రెండోవాడు అనడం రికార్డయింది. టెలివిజన్ కోర్టులకు ఇంతే చాలింది; చనిపోయినవాడి మనసులోకి దూరి వాంగ్మూలం కూడా తెచ్చాయి. అదే నివేదికలో మరొక వాక్యం ఉంది. అటువంటి స్విచ్చుల తాళం విషయంలో 2018లో అమెరికా శాఖ ఒక సలహా జారీచేసింది. అది తప్పనిసరి కాదు, సలహా మాత్రమే కాబట్టి ఆ తనిఖీలు జరపలేదు. ప్రమాదానికి ఇదే కారణమని నేను అనడం లేదు. అనే హక్కు నాకు లేదు. ఆ వాక్యంమీద ఒక్క కవితా రాలేదంటున్నాను. విమానాన్ని నడిపినవాడిమీద అనుమానానికి రుజువు అక్కర్లేదు. ‘సలహా’కూ ‘తప్పనిసరి’కీ మధ్య ఎవరి ఖర్చు మిగిలిందన్న ప్రశ్నకు మాత్రం రుజువులు కావాలి!

ఇక మన నేతగాడు విమానం ఎక్కడన్న వాదం. నిజమే, ఎక్కువమంది ఎక్కరు. ప్రొద్దుటూరునుంచి హైదరాబాదుకో బెంగుళూరుకో రాత్రి బస్సులో పోతారు. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది మసైపోయారు. పన్నెండేళ్లకు, 2025 అక్టోబరులో, కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మళ్లీ అదే దృశ్యం. విమానంలో పోయేవాడికోసం లక్ష సంవత్సరాల లెక్క కట్టే శాస్త్రం ఉంది. బస్సు డీజిలు ట్యాంకు పక్కన నిద్రపోయేవాడికోసం ఆ చెట్టు గీసినవారెవరు? తుమ్మలపల్లె యురేనియం వ్యర్థాల చెరువు పక్కన కె.కె.కొట్టాల రైతులు తమ బోర్ల నీళ్లు పాడయ్యాయని ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. ఏది చెడితే ఏమవుతుందో కాగితంమీద చూపించండని వాళ్లు అడగగలిగిన రోజున, అడగడానికి కావలసిన భాష ఈ విమాన ఇంజనీరు దగ్గర సిద్ధంగా ఉంది. అతణ్ణి చల్లటిగదివాడని గోష్ఠిలోంచి వెళ్లగొడితే ఆ భాషను కంపెనీకే వదిలిపెట్టినవాళ్లమవుతాం. ‘కాదు’ అని రాసినవాడి ఉద్యోగం పోకూడదన్న కోరికను, ఎనిమిది గంటల పనిదినంలాగే, మన సంఘాలు తమ డిమాండ్ల పత్రంలో రాసుకోవాలి.

మొన్న సంక్రాంతికి ఆ అబ్బాయి ఊరికి వచ్చి, నన్ను చూడడానికి ప్రొద్దుటూరు వచ్చాడు. మాటల్లో ఆ గడి సంగతి అడిగాను.

“నేను సంతకం పెట్టలేదు సార్. నన్ను వేరే ప్రాజెక్టుకు మార్చినారు” అన్నాడు.

“మరి ఆ కాగితం ఏమయిందప్పా?”

“ఇంకొకరితో పెట్టించుకున్నారు.”

“ఎవరు?”

“ఈ ఊరి పిల్లే సార్, ప్రొద్దుటూరు. చేరి ఆరునెల్లు కూడా కాలేదు.”